వెళ్లేవాడికి మూలుగ బొక్క

సింగపూర్‌లో నేను నిజంగా నేర్చుకున్న పని మేక కాలు కాల్చడం ఒక్కటే. కంప్యూటర్ పని అప్పటికే వచ్చని చెప్పి విమానం ఎక్కాను, అందులో సగం అబద్ధం. మాంసం విషయంలో మాత్రం ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు. నోట్లో పెట్టుకున్నవాడికే తెలిసిపోయేది.

వై టూ కే గండం గడిచి, లోకమంతా ఇంటర్నెట్ ఇంటర్నెట్ అని ఊగిపోతున్న రోజులవి. అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు చేసిన ప్రతివాడూ సూట్‌కేసు కొనుక్కునేవాడే. మమ్మల్ని తీసుకెళ్లిన కంపెనీ అంటే పాయా లేబర్ అనే పేటలో ఒక టైర్ల కొట్టు మీద రెండు గదులు. అక్కడికి పది నిమిషాల నడక దూరంలో ఒక పాత టెర్రస్ ఇల్లు అద్దెకు తీసుకుని ఎనిమిది మందిని అందులో పెట్టారు. బ్యాంకులకీ పెద్ద కంపెనీలకీ మనుషులు కావలసి వస్తే మాలోంచి ఒకణ్ని పంపేవారు. పంపేదాకా మేం బెంచి మీద ఉన్నట్టు. ఆ ఇంట్లో బెంచి అనేది ఒక్కటీ లేదు, చాపలే. అక్కడ పనిచేయడానికి సర్కారిచ్చే మా పాస్ కంపెనీ పేరు మీద ఉండేది. కంపెనీ వద్దనుకుంటే పాస్ రద్దు, పాస్ రద్దయితే సామాను సర్దుకోవడమే.

కంపెనీ యజమానిని సార్ అనేవాళ్లం. గుంటూరు వైపు మనిషి, సన్నగా ఉండేవాడు, ఎంత ఎండలోనూ చొక్కా నలిగేది కాదు. ఆయన నోటి వెంట గట్టి మాట నేనెప్పుడూ వినలేదు. గట్టిగా మాట్లాడాల్సిన అవసరం ఆయనకు ఉండేది కాదు. ఆయనకు రెండు ఇష్టాలు: మనుషులు తనని మంచివాడు అనుకోవడం, కాల్చిన మాంసం. రెండూ ఒకేసారి తీరేలా శనివారాలు పెట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం లిటిల్ ఇండియా మార్కెట్టుకు వెళ్లి మేక వెనక కాలు, పిక్కతో సహా, స్వయంగా ఎంచి తెచ్చి మా వంటింట్లో పెట్టి వెళ్లేవాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా అది తయారుగా ఉండాలి. వచ్చి మాతో పాటే నేలమీద కూర్చుని తినేవాడు. మాకు కళ్లలో నీళ్లు తిరిగేవి, ఇంత పెద్దాయన మా పక్కన చాప మీద కూర్చున్నాడని.

మాలో వయసులో పెద్దవాడు ఒక హైదరాబాదీ భాయి. నూనె డ్రమ్మును నిలువునా కోయించి, పైసగానికి మడత బందులు బిగించి, పెరట్లో రంబుటాన్ చెట్టు కింద పెట్టింది ఆయనే. పట్టకారు ఆయన చేతిలోనే ఉండేది. మేమంతా ఉల్లిపాయలు తరిగేవాళ్లం. నేను మాత్రం కొన్నాళ్లకు ఆయన పక్కన చేరాను. మా ఇంట్లో మేక తలకాయా కాళ్లూ మంట మీద కాల్చి గీకడం చిన్నప్పటి నుంచి నా పని, అందుకని పొగంటే నాకు జంకు లేదు. అయితే అది మంట మీద కాల్చడం. భాయి నేర్పింది వేరు. శుక్రవారమే కాలికి కత్తి గాట్లు పెట్టి, పచ్చి బొప్పాయి గుజ్జు, అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించాలి. బొగ్గులు డ్రమ్ములో ఒక పక్కకే పోయాలి, మాంసం రెండో పక్క పెట్టాలి. మంట దానికి తగలకూడదు, వేడీ పొగా మాత్రమే తగలాలి. ఎండబెట్టిన రంబుటాన్ కొమ్మ ముక్క ఒకటి బొగ్గుల మీద వేసి మూత దించాలి. ఆ తర్వాత ఐదు గంటలు మూత జోలికి వెళ్లకూడదు. నేను అరగంటకోసారి ఎత్తి చూసేవాణ్ని, ఆయన పట్టకారుతో నా వేళ్ల మీద కొట్టేవాడు.

"సబర్ కరో మియా. పొగ తెల్లగ ఒస్తే గోష్ చేదయితది. సన్నగ, నీలంగ రావాలె. ఉందా లేదా అన్నట్టు ఉండాలె."

పక్కింటి చైనీస్ ఆంటీ దండెం మీద బట్టలు తీసుకుంటూ గోడ మీంచి అరిచేది. "అయ్యో, ఎవ్రీ వీక్ బర్న్, బర్న్! మై బెడ్‌షీట్ ఆల్సో స్మెల్ లైక్ గోట్ లా!" భాయి ఆమెకు ఒక ప్లేటు గోడ మీద పెట్టి నవ్వేవాడు. ఆమె తిట్టుకుంటూనే తీసుకెళ్లేది.

మేక కాలు ఎంత పెద్దదైనా అందులో అందరూ కోరుకునేది ఒక్కటే ఉంటుంది, పిక్క దగ్గరి మూలుగ బొక్క. ఐదు గంటల పొగలో లోపలి మూలుగ కరిగి వెన్న ముద్దలా అవుతుంది. బొక్క చివర కత్తితో కొట్టి, కంచానికి తట్టి పీల్చుకోవాలి. అది ఎవరికి వేయాలో సార్ చెప్పేవాడు. పెద్దవాడు చెప్తాడు, చిన్నవాడు తింటాడు, మన ఇళ్లల్లో పద్ధతే కదా, అందులో వింతేమీ అనిపించలేదు. చాలా వారాలు ఆయనే తినేవాడు. ఒక శనివారం భాయి దాన్ని ఆయన కంచంలో వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ మీరు తినండి భాయ్. పొద్దుట్నుంచీ పొగలో ఉన్నారు, పాపం."

భాయి ఆనందం చూడాలి. కళ్లు మూసుకుని పీల్చాడు. బొక్కలోకి తొంగి చూసి, ఇంకా ఏమన్నా మిగిలిందా అని పుల్ల పెట్టి గీకాడు. సోమవారం పది గంటలకు ఆయన్ని ఆఫీసుకు పిలిచారు. గురువారం విమానం.

నిజం చెప్తున్నాను, నాకు బాధ కలగలేదు. పట్టకారు నా చేతికొచ్చింది.

ఆ తర్వాత మూడు వారాలకు నెల్లూరువాడికి పడింది ఆ బొక్క. రాత్రిళ్లు గురక పెట్టి మమ్మల్ని చంపేవాడు. సోమవారం వాడినీ పిలిచారు. ఇంకో నెలకు కర్నూలువాడు. అప్పటికి నాకు అర్థమైంది. మిగతావాళ్లకు కాలేదు, ఎందుకంటే వాళ్లు తింటున్నారు, నేను వడ్డిస్తున్నాను. వడ్డించేవాడి కళ్లు ఎప్పుడూ అవతలివాడి కంచంలో ఉంటాయి.

నాకు అర్థమైందని సార్‌కీ అర్థమైంది. ఒకరోజు మిగతావాళ్లు లోపల చేతులు కడుక్కుంటుంటే డ్రమ్ము దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"మా నాన్న ఎద్దుని సంతకి తోలే ముందు రోజు కడుపునిండా తవుడూ బెల్లమూ పెట్టేవాడయ్యా. వెళ్లేవాడి కడుపు మాడ్చి పంపకూడదు. పాపం తగులుద్ది." నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ నోట్లో నువ్వుగింజ నానుద్దని నాకు నమ్మకం."

నానింది. ఒక్కడికి కూడా చెప్పలేదు. చెప్తే లాభం ఉండేది. రెండు రోజుల ముందు తెలిస్తే ఎవడో ఒకడు సెలవుపెట్టో, సాకు చెప్పో, సెరంగూన్ రోడ్డులో ఇంకో కంపెనీ గడప తొక్కేవాడు, అప్పట్లో మనిషికి గిరాకీ ఉండేది, పాస్ మార్పించుకునేవాడు. నాకు తెలుసు. అయినా చెప్పలేదు. భయం వల్ల అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. రెండు రోజుల తర్వాత ఒకడి బతుకు ఏమవుతుందో నాకు తెలుసు, వాడికి తెలియదు, వాడు నా ఎదురుగా కూర్చుని పెదాలు నాక్కుంటున్నాడు. ఆ తెలియడంలో కల్లు లాంటి మత్తు ఉంది. కాకికి తెలుసా ఎద్దు పుండు నొప్పి అంటారు. కాకికి తెలియకపోతే సరే, నాకు తెలుసు, తెలిసే పొడిచాను. శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ని.

ఇప్పుడు ఇంకొకడి సంగతి చెప్పాలి. మా జిల్లావాడే, మా ఊరికి మూడు ఊళ్ల అవతల. నాకన్నా నాలుగేళ్లు చిన్న. వచ్చిన రోజే నా యాస విని, "అన్నా, నువ్వు మనోడివేనా!" అని చేతులు పట్టుకున్నాడు. అప్పటి నుంచీ నా చాప పక్కనే వాడి చాప. నేను నీళ్లు తాగితే వాడికి దాహం వేసేది. నేను వాణ్ని తమ్మీ అనేవాణ్ని, లోపల లోపల మాత్రం జిగట అనుకునేవాణ్ని. జూనియర్ కాలేజీలో సర్కారు లెక్చరర్ ఉద్యోగం వాడిది. సెలవివ్వం అంటే రాజీనామా రాసి ఇచ్చేసి వచ్చాడు. "సర్కారు నౌకరి ఇడిచిపెట్టి ఒచ్చిన ఒకే ఒక పిచ్చోడివి నువ్వే," అని నేను నలుగురిలో ఏడిపించేవాణ్ని. వాడు నవ్వేవాడు. పెళ్లయి ఏడాది, భార్య నెలన్నరలో రావాలి, ఆమెకు టికెట్ తీసేశాడు. జురాంగ్ వెస్ట్‌లో ఒక తమిళ కుటుంబం ఫ్లాట్‌లో గది మాట్లాడుకున్నాడు. ఆ గది కిటికీని జానలతో కొలుచుకొచ్చి, నీలం పూల కర్టెన్ కొని, రోజుకోసారి మడత విప్పి నాకు చూపించేవాడు.

"బాగుందా అన్నా? ఆమెకు నీలం అంటే పాణం."

"కిటికీ అవతల ఏముంటది?"

"ఇంకో ఫ్లాటన్నా."

"మరి కర్టెన్ ఎందుకు తమ్మీ, వాళ్లకూ సంబురం గావాలె గద," అనేవాణ్ని. అందరూ పగలబడేవారు. వాడు ఎర్రబడి, మళ్లీ మడతపెట్టి పెట్టెలో దాచేవాడు.

ప్రతి శనివారం డ్రమ్ము దగ్గర నా పక్కన గొంతుక్కూర్చుని విసనకర్రతో బొగ్గులు విసిరేది వాడే. నేను అరచెయ్యి వేడి మీద పెట్టి ఎనిమిది దాకా లెక్కపెట్టేవాణ్ని. ఎనిమిది లోపే చెయ్యి చుర్రుమంటే బొగ్గు ఎక్కువైనట్టు, దాటితే తక్కువైనట్టు. వాడు నా నోరు చూస్తూ తనూ లెక్కపెట్టేవాడు. ప్రతివారం ఒకటే అడుగుడు.

"అన్నా, గీ వారమన్న ఆ మూలుగ బొక్క నాకియ్యవా? ఎవరెవరికో ఏస్తవు."

"నీకొచ్చే రోజు ఒస్తది తియ్. తొందరేంది?"

ఆ మాట అంటున్నప్పుడు నాకు నవ్వు ఆగేది కాదు. ఏం జోకు చెప్పానో తెలియక వాడూ నవ్వేవాడు.

ఒక బ్యాంకు పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టింది, మా ఇద్దరికీ వచ్చినది ఒకటే పని కాబట్టి ఇద్దర్నీ ఇంటర్వ్యూకు పంపారు. రెండేళ్ల ప్రాజెక్టు. వాడు టై కట్టుకోవడం రాక నా చేత కట్టించుకున్నాడు. తిరిగొచ్చాక సార్ ఇద్దర్నీ కూర్చోబెట్టి మెత్తగా చెప్పాడు.

"ఇద్దరూ బాగానే చెప్పారంట. కానీ వాళ్లకి ఒకడే కావాలి. ఎవర్ని పంపినా పర్లేదన్నారు. రెండోవాణ్ని ఖాళీగా కూర్చోబెట్టి మేపలేను కదయ్యా. చూద్దాం."

అంటే ఒకడు బ్యాంకుకు, ఒకడు ఇంటికి. తేల్చేది సార్. ఇందులో మెలిక ఏమీ లేదు, ఇద్దరికీ అర్థమైంది. ఆ వారమంతా వాడు సరిగా తినలేదు. "నాది పోతే ఇగ ఏం లేదన్నా. కాలేజీల నా జాగకు వేరేటాయనను తీస్కున్నరంట," అన్నాడు. నేను ఓదార్చాను. ఓదార్చడం నాకు బాగా వచ్చు. నా సంగతి వేరు. నాకు పెళ్లి కాలేదు. హైదరాబాదులో నా పాత కంపెనీ మేనేజరు, ఎప్పుడొచ్చినా నీ కుర్చీ ఖాళీగానే ఉంటుందని రాశాడు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. ఇద్దరిలో ఎవరు వెళ్తే తక్కువ నష్టమో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను ఆ లెక్క వేసుకున్నాను కూడా. వేసుకుని, అయినా నేనే ఉండాలి అనుకున్నాను. ఎందుకంటే నాకు ఉండాలని ఉంది. అంతకన్నా గొప్ప కారణం ఇవాళ వెతికినా దొరకదు.

ఆ శనివారం ఉదయం నుంచీ వాడు మాట్లాడలేదు. బొగ్గులు విసురుతున్నాడు గానీ నా మొహం చూడటం లేదు. మంట దగ్గర కూర్చున్న మనిషికి కళ్లు ఎర్రబడతాయి, వాడివి ఇంకాస్త ఎర్రగా ఉన్నాయి. భార్య గురించి బెంగ అనుకున్నాను. లెక్కపెట్టమంటే ఆరు తర్వాత ఆగిపోయాడు. "ధ్యానం ఎక్కడుందిరా?" అని కసిరాను. "ఏం లేదన్నా," అన్నాడు.

ఒంటిగంటకు సార్ వచ్చాడు. నేను కాలును డ్రమ్ములోంచి తీసి, పావుగంట బట్ట కప్పి ఉంచి, కోయడం మొదలుపెట్టాను. ఆ రోజు కుదిరినట్టు ఎప్పుడూ కుదరలేదు. పైన నల్లగా పెళుసుగా, లోపల గులాబీ రంగులో, వేలితో తాకితే విడిపోతోంది. తొడ ముక్కలు పళ్లెంలోకి తీశాను. మోకాలి దగ్గర నరం తెంపి, పిక్క బొక్క వేరు చేసి, రెండు చివర్లా కత్తితో కొట్టాను. పట్టకారుతో పట్టుకుని ఎప్పటిలాగే సార్ వైపు చూశాను.

"ఇవాళ అది నువ్వు తినవయ్యా," అన్నాడు సార్. "ఎప్పుడూ పెట్టడమే గానీ, నువ్వు తిన్నది నేను చూళ్లేదు."

ఆ మాటలు భాయికి చెప్పిన మాటల్లాగే ఉన్నాయి, అదే నవ్వు, అదే మెత్తదనం. చుట్టూ కూర్చున్నవాళ్లు "తిను తిను, నీకే రావాలి" అంటున్నారు. పాపం వాళ్లకు తెలియదు. ఇన్నాళ్లూ నేను వాళ్లను చూసిన చూపుతో ఇప్పుడు సార్ నన్ను చూస్తున్నాడు. కాళ్లమీద పడదామా అనుకున్నాను, అంతమందిలో సిగ్గేసింది. బొక్కను మట్టిలోకి విసిరేద్దామా అనుకున్నాను. అప్పుడు వాడు కనిపించాడు, చాప చివర తలవంచుకుని, ఉత్తన్నం కంచం ముందు పెట్టుకుని. వాడి మీద ఒక్కసారిగా నాకు పుట్టెడు కోపం వచ్చింది. ఈ జిగట గాడికి రెండేళ్ల ప్రాజెక్టు, నీలం కర్టెను, పెళ్లాం, నాకు సూట్‌కేసు!

నాలుగడుగులు వేసి బొక్కను వాడి అన్నం మీద పెట్టాను.

"ఎన్నిసార్లు అడిగినవ్ తమ్మీ, ఇగ తిను," అన్నాను అందరికీ వినపడేలా. "పెండ్లాం ఒస్తది. బలం గావాలె."

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. వాడు నవ్వలేదు. బొక్కను వేళ్లతో పట్టుకుని నా వైపు చాచాడు.

"వద్దన్నా. నువ్వు తిను. సార్ నిన్ను తినమన్నడు."

"నేను పెడ్తున్న. తినవా?"

"నాకొద్దే. నీ దండం పెడ్త."

"అన్న పెట్టింది వాపస్ ఇస్తవారా? గంతనేనా నేను నీకు?"

మన దగ్గర ఈ మాటకు తిరుగులేదు. పెద్దవాడు కొసరి పెట్టింది కాదంటే పెట్టినవాణ్నే కాదన్నట్టు. కడుపు పగిలిపోతున్నా, వాంతి వస్తున్నా, ఇంకో ముద్ద మింగాల్సిందే. అది నాకు తెలుసు కాబట్టే అన్నాను. వాడు బొక్కను నోటికి పెట్టుకున్నాడు. మూలుగ పీల్చాడు. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. "పొగ," అన్నాను నేను, పక్కవాళ్లతో. "కారం కూడ ఎక్కువైంది."

సార్ నమలడం ఆపి నన్నే చూస్తున్నాడు. నేను చూపు తిప్పలేదు. కాసేపటికి ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. ఇంకో ముక్క తీసుకున్నాడు. "బాగా కుదిరిందయ్యా ఇవాళ," అన్నాడు.

సోమవారం పదింటికి వాణ్ని పిలిచారు. నేను బయట గదిలో కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి వాడి వీపు చూశాను. సార్ మాట్లాడుతున్నాడు, వాడు తల ఊపుతున్నాడు. మధ్యలో ఒకసారి ఏదో అడగబోయి ఆగిపోయాడు. బయటికొచ్చి నా ముందు నిలబడ్డాడు. "బ్యాంకోళ్లు మనసు మార్చుకున్నరంటన్నా," అన్నాడు. "నువ్వే గావాలన్నరంట. మంచిగైంది." నా చెయ్యి పట్టుకుని ఊపాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది.

తర్వాత నన్ను పిలిచాడు సార్. బుధవారం నుంచి వెళ్లమని కాగితం ఇచ్చాడు.

"నాకు ఎవరైనా ఒకటేనయ్యా," అన్నాడు. "కానీ నువ్వు పైకొస్తావు. కంచంలో పడ్డదాన్ని పక్కవాడి కంచంలోకి తోసినవాణ్ని ఇన్నేళ్లలో నిన్నొక్కణ్నే చూశాను."

దాన్ని నేను పొగడ్తగా తీసుకున్నాను. సిగ్గుపడి ఉండాల్సింది. మెట్లు దిగుతుంటే ఈల వేశాను.

ఆ వారం వాడు ఏమేం చేశాడో చూస్తూనే ఉన్నాను. భార్య టికెట్ రద్దు చేయించాడు. గది వద్దని చెప్పడానికి జురాంగ్ వెస్ట్ దాకా వెళ్లొచ్చాడు, ఫోన్లో చెప్తే మర్యాద కాదని. ఫోన్ బూత్‌లో గంటసేపు నిలబడి బయటికొచ్చి, "ఆమె ఏం అనలేదన్నా, ఏం అనలేదు," అన్నాడు. అనకపోవడమే వాణ్ని ఎక్కువ కోసినట్టుంది. నేను టీ ఇప్పించాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, చెలగాటం అయిపోయాక పిల్లికి కూడా ఎలుక మొహం చూడటం విసుగే. వాడు త్వరగా వెళ్లిపోతే బాగుండు అనిపించేది.

శనివారం మధ్యాహ్నం విమానం. ఆ ఇంట్లో మిగిలినవాళ్లలో తోడు వెళ్లింది నేనొక్కణ్నే. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. సామాను బెల్టు మీద వేశాక వాడు లోపలికి పోకుండా నిలబడ్డాడు. ఒంటి కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

"అన్నా, నీకు ఒక మాట చెప్పాలె. చెప్పకుంటే నాకు నిద్రపట్టదు."

తెలిసిపోయింది అనుకున్నాను.

"పోయిన వారం శుక్రారం సార్ నాకు ఫోన్ జేసిండన్నా. ప్రాజెక్టు నీకే, మీ అన్నను ఇంటికి పంపుతున్న, నువ్వు మాత్రం వానికి చెప్పకు అన్నడు." వాడు నేల చూపులు చూశాడు. "నేను చెప్పలేదు. నీకు తెల్వాలె గద, రెండు రోజుల ముందు తెలిస్తే నువ్వు యాడనన్న జూసుకుంటుంటివి. కని నా పెండ్లాం టికెట్ యాదికొచ్చింది, నోరు మూస్కున్న. తెల్లారి శనారం పొద్దటి సంది నీ పక్కన కూసొని బొగ్గులు విసిరిన, నీ మొకం సూడబుద్ధి కాలే."

నేను ఖాళీ ట్రాలీని పక్కకు తోశాను.

"నువ్వేమో నీకని ఇచ్చిన బొక్క తీస్కొచ్చి నా కంచంల పెట్టినవ్. గొంతు దిగలేదన్నా. మా అన్న నాకు గింత చేస్తుండు, నేను గిసుంటి పని జేసిన అని ఏడుపొచ్చింది. నువ్వు పొగ అనుకున్నవ్. అందుకే దేవుడు నాకు సరిగ్గ చేసిండు. నీ అన్నం నీకు పెట్టిండు." చేతులు జోడించాడు, అంతమంది జనంలో. "నన్ను మన్నించన్నా. మన్నించిన అంటేనే లోపలికి పోత."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏ మనిషికీ దొరకదు. నాలుగు మాటలు చాలు. వాడు కొడితే కొట్టేవాడు, లేదా ఉమ్మేవాడు. కనీసం తను పాపం చేశానని మోసుకుంటూ ఆ మూడు ఊళ్ల అవతలికి వెళ్లేవాడు కాదు. నాకు ఆ నాలుగు మాటలూ తెలుసు, నాలుక మీద ఉన్నాయి. వెనక ఎవరో ట్రాలీ తోసుకుంటూ దారి ఇమ్మని అడిగారు, పక్కకు జరిగాం.

వాడి జోడించిన చేతుల్ని పట్టుకుని కిందికి దించాను.

"పోనీ తియ్ తమ్మీ," అన్నాను. "మనసుల పెట్టుకోకు. నేను మన్నించిన."

వాడి మొహం వారం రోజుల తర్వాత మొదటిసారి తేటపడింది. కళ్లు తుడుచుకుని, "సల్లగుండన్నా," అని లోపలికి వెళ్లిపోయాడు.